నాలుగు వందల పదకొండో ప్రతి

బైండింగ్ గది
మార్చి 3

పిచ్చుకా,

నిన్న మధ్యాహ్నం ఒక పెద్దాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టాడు. "దీని దారం తెగిందమ్మా, మళ్ళీ కుట్టిపెడతావా?" అన్నాడు. ఒకే కాగితాన్ని ఎనిమిది ఆకులుగా మడిచి, మధ్యలో మూడు పోట్లు పొడిచి కుట్టిన పుస్తకం. తెరవకముందే ఆ ముడి చూసి నా చేతులు ఆగిపోయాయి. అది గుండీలు కుట్టేవాళ్ళు వేసే ముడి. చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు గుండీలు కుట్టిన అమ్మ ముడి.

లోపల అమ్మ దస్తూరీ. పేజీకి ఒక పంక్తి చొప్పున పదకొండు పంక్తుల ప్రార్థన. జబ్బు మనుషుల పక్కన కూర్చున్నవాళ్ళు చదువుకునేది. చివరి పేజీ అడుగున, చీమ తలంత అంకెల్లో, 655.

"మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద దొరికిందమ్మా. ఆవిడ పోయింది, ఇది మిగిలింది" అన్నాడాయన. కూలి తీసుకోలేదు నేను.

అమ్మ తీరిక దొరికినప్పుడల్లా ఇవి రాసి ఆసుపత్రుల్లో పెట్టి వచ్చేదని నాకు తెలుసు. యాభయ్యో అరవయ్యో రాసి ఉంటుందనుకున్నాను. నిరుడు ఆవిడ పోయాక పెట్టెలో కోసిన కాగితాలు ఓ ఇరవై, ఒక దారం ఉండ దొరికాయి. ఎన్ని రాసిందో ఎక్కడా రాసుకోలేదు.

ఎన్ని రాసిందో నాకు తెలియాలి. ఎందుకని ఇప్పుడే అడగకు. అవతలి కంపెనీవాళ్ళు ఎన్ని కరెంటు మీటర్లు తయారు చేశారో, చేతికి దొరికిన నాలుగైదు మీటర్ల మీద నంబర్లు చూసి లెక్క కడతామని ఒకసారి చెప్పావు. అలా దీనికీ కట్టగలవా? మీ బావను అడిగితే నవ్వారు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది. కుండలో ఎన్ని మెతుకులున్నాయో కూడా అదే చెబుతుందా?" అన్నారు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

అక్క

*

మీటర్ల ఫ్యాక్టరీ క్వార్టర్స్
మార్చి 14

అక్కా,

బావకు చెప్పు, మెతుకుల మీద నంబర్లు వేసి ఉంటే చెబుతుందని.

కానీ ఒక్క అంకెతో నేనేమీ చెప్పలేను. 655 ఉందంటే కనీసం 655 రాసిందని మాత్రం తెలుస్తుంది. అదే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆరు వందల యాభై ఐదా! నాకు ఒక్కటి కూడా ఇవ్వలేదు అమ్మ. అడిగితే "నీకెందుకే, నువ్వు బాగానే ఉన్నావుగా" అనేది. నేను దేవుణ్ణి నమ్మనని చిన్నచూపేమో అనుకునేదాన్ని.

మరో నాలుగైనా కావాలి. పుస్తకాలు వద్దు, అంకెలు చాలు. ఒక్కచోటే వెతక్కు. ఒక ఆసుపత్రిలో ఒకే ఏడాది పెట్టినవన్నీ దగ్గర దగ్గర అంకెలు అయి ఉంటాయి, లెక్క తప్పిపోతుంది. రకరకాల చోట్ల అడుగు. ముఖ్యంగా నువ్వు ఏరకూడదు. "ఈ అంకె బాగుంది, ఇది పంపుదాం" అనుకోకు. ఏది దొరికితే అది. చీటీలు తీసినట్టు ఉండాలి. మా పరీక్ష బల్ల దగ్గర కొత్తగా చేరినవాళ్ళు ఎప్పుడూ ఇక్కడే తప్పు చేస్తారు, చేతికి అందే పెట్టెలోవే తీస్తారు.

పిచ్చుక

*

బైండింగ్ గది
మే 20

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే చేశాను. అట్టముక్కల మీద రాశాను: "ఇలాంటి చేతిరాత ప్రార్థన పుస్తకం మీ దగ్గర ఉంటే, చివరి పేజీ అంకె మాత్రం ఈ చిరునామాకు రాయండి. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి." మూడు ఆసుపత్రుల్లో, రెండు మందుల షాపుల్లో, బస్సు స్టాండులో పెట్టాను. మందుల షాపులో కుర్రవాడు "ఏంటి ఆంటీ, లాటరీయా?" అన్నాడు.

నెల రోజులు ఏమీ రాలేదు. తర్వాత నాలుగు కార్డులు వచ్చాయి. మొదట వచ్చిన పెద్దాయన పుస్తకంతో కలిపి ఐదు అంకెలు. వచ్చిన వరసలోనే రాస్తున్నాను, ఏరలేదు.

655, 873, 412, 941, 530.

873 ఆవిడ నర్సు. "మా అమ్మ దిండు కింద ఉండేది, ఇప్పుడు నా దిండు కింద ఉంది" అని రాసింది. 412 అమ్మాయి, "అంకె రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను, పుస్తకం మాత్రం అడగకండి" అని రాసింది. మన అమ్మను మనకు తెలియనివాళ్ళు ఎంతమంది దిండు కింద దాచుకున్నారో.

లెక్క త్వరగా కట్టు తల్లీ.

అక్క

*

మీటర్ల ఫ్యాక్టరీ క్వార్టర్స్
మే 29

అక్కా,

కట్టాను. సుమారు 1128.

ఎలాగో చెప్తా, బావకు కూడా వినిపించు. ఐదు అంకెల్ని ఒక తాడు మీద ముడులుగా ఊహించుకో. తాడు ఒకటి దగ్గర మొదలైంది. చిట్టచివరి ముడి 941. అంత పొడవులో ఐదు ముడులు పడ్డాయంటే ముడికీ ముడికీ మధ్య సగటున 188. మధ్యలో ఉన్నంత సందే చివరి ముడి తర్వాత కూడా ఉంటుందనుకోవడం న్యాయం. 941కి 188 కలిపి ఒకటి తీసేస్తే 1128. అంతే. మా మేనేజరు దీన్ని పెద్ద శాస్త్రంలా చెప్తాడు గానీ ఉన్నదింతే.

ఇది అంచనా మాత్రమే, దేవుడి మాట కాదు. ఐదు అంకెలతో కట్టిన అంచనా వంద అటూ ఇటూ కాదు, ఇంకా ఎక్కువే ఊగొచ్చు. అయినా వెయ్యికి పైన అనుకోవడానికి బలమైన కారణమే ఉంది.

ఇప్పుడు చెప్పు. ఎందుకు కావాలి నీకీ అంకె?

పిచ్చుక

*

బైండింగ్ గది
జూన్ 6

పిచ్చుకా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. వెయ్యి అన్న మాట దగ్గర కుర్చీలో కూర్చున్నాను. దేవుడా, నీకు దండం.

ఇక చెప్పాలి. నీకు ఆరేళ్ళప్పుడు ఆ జ్వరం వచ్చి నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నావు కదా. పిల్లల్ని వార్డులోకి రానిచ్చేవారు కాదు, నేను వరండాలోనే ఉండేదాన్ని. నాకప్పుడు పన్నెండు. డాక్టరు పెదవి విరిచిన రోజు అమ్మ బయటికి వచ్చి గోడకు నుదురు ఆనించి, నేను ఉన్నానని కూడా చూడకుండా గట్టిగానే అంది. "బిడ్డ లేచి నడిస్తే ఈ ప్రార్థన వెయ్యిసార్లు నా చేత్తో రాసి, జబ్బు మనుషుల దగ్గర పెడతాను." తర్వాత నన్ను చూసి దగ్గరికి తీసుకుని, "దానికెప్పుడూ చెప్పకు. బతకడం దానికి బరువు కాకూడదు" అంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాను.

నీకు పుస్తకం ఇవ్వకపోవడం అందుకే, చిన్నచూపు కాదు.

నన్ను తినేసింది వేరే సంగతి. చివరి రెండు రోజులూ అమ్మకు మాట పడిపోయింది. ఒక్క మాటే వచ్చేది. వేలు ఎత్తి "ఇంకా… ఇంకా…" అనేది. నీళ్ళనుకుని చెంచాతో పోశాను. తల అడ్డంగా ఊపేది. మళ్ళీ పోసేదాన్ని. ఆవిడ పోయాక, మొక్కు మిగిలిపోయిందని చెప్పిందేమో అన్న భయం పట్టుకుంది. ఎన్ని మిగిలాయో తెలిస్తే నేనే రాసి పూర్తి చేద్దామనుకున్నాను. నీ లెక్క నన్ను బతికించింది. మొక్కు తీరింది.

కోపం తెచ్చుకోకు.

అక్క

*

మీటర్ల ఫ్యాక్టరీ క్వార్టర్స్
జూన్ 19

అక్కా,

కోపం వచ్చింది. నాలుగు రోజులు ఉత్తరం రాయలేదు, అందుకే. ఇంట్లో ఏమైందని అడిగితే జలుబన్నాను.

నా బతుకు మీద ఇన్నేళ్ళు ఇద్దరు గుసగుసలాడుకున్నారు, నాకు తెలియకుండా. నాకు చెప్పి ఉంటే ఆవిడ పక్కన కూర్చుని కాగితాలైనా మడిచేదాన్ని కదా. "ఈ కాగితాలేంటమ్మా, వేరే పనిలేదా?" అని ఎన్నిసార్లు వెక్కిరించానో నీకు తెలుసు. నవ్వి ఊరుకునేది.

ఆసుపత్రి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ఇనుప మంచం. ఆకుపచ్చ గోడ. నలభై రోజులు ఉండాలన్నారని అమ్మ సుద్దముక్కతో నా తలవైపు గోడ మీద 40 అని రాసింది. మర్నాడు చెరిపి 39. "ఇంకా ముప్పై తొమ్మిది, తర్వాత ఇంటికే" అనేది. పొద్దున లేవగానే తల తిప్పి చూసేదాన్ని, ఎంత తగ్గిందా అని. ఒకసారి నర్సు తిట్టి గోడ కడిగేస్తే ఏడ్చి గోల చేశాను. అమ్మ మళ్ళీ రాసింది. "పెరిగే అంకె చూస్తే పిల్లకు భయం, తగ్గే అంకె చూస్తే ధైర్యం" అని ఆ నర్సుకు చెప్పడం ఇప్పటికీ చెవిలో ఉంది. 1 రాసిన రోజు నేను నడిచి వాకిట్లోకి వచ్చాను, నువ్వు పరిగెత్తుకొచ్చావు.

సరేలే. వెయ్యి దాటిందన్నాంగా. హాయిగా ఉండు.

పిచ్చుక

*

బైండింగ్ గది
జూన్ 27

పిచ్చుకా,

ఉత్తరం అందింది. అమ్మ గోడ మీద అంకెలు తగ్గించే రాసిందా? నీకు బాగా గుర్తుందా? చిన్నపిల్లవి కదా, తికమక పడి ఉండవుగా?

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. బడి రిజిస్టర్లు వచ్చి పడ్డాయి.

అక్క

*

మీటర్ల ఫ్యాక్టరీ క్వార్టర్స్
జూలై 12

అక్కా,

బాగా గుర్తుంది. నలభై నుంచి ఒకటికి. ఎందుకలా అడిగావు?

నువ్వు నాలుగు ముక్కల ఉత్తరం రాశావంటే ఏదో దాస్తున్నావనే. నీకు అబద్ధమాడటం చేతకాదు, మూగతనం మాత్రం బాగా వచ్చు. ఒంట్లో బాగుందా? బావనైనా రాయమను.

పిచ్చుక

*

బైండింగ్ గది
ఆగస్టు 30

పిచ్చుకా,

ఏడు వారాలు జవాబు రాయలేదు. రోజూ దేవుడి ముందు కూర్చుని, "చెప్పకపోతే తప్పా, చెబితే తప్పా?" అని అడిగాను. నిన్న మీ బావ, "నువ్వు దేవుణ్ణి అడగడం లేదు, ఆయన ఒప్పుకునేదాకా బతిమాలుతున్నావు" అన్నారు. నిజమే.

నీ గోడ సంగతి చదివిన రోజే నాకు అనుమానం వచ్చింది. కార్డులు రాసినవాళ్ళందరికీ ఒక్క ప్రశ్న రాశాను, మీ పుస్తకం దొరికి ఎన్నేళ్ళయిందని.

941 ఒక అంబులెన్సు డ్రైవరు దగ్గర ఉంది. పెద్దకొడుకు పుట్టినప్పుడు దొరికిందట, ముప్పై ఐదేళ్ళ కిందట. నర్సు వాళ్ళమ్మ 873, ముప్పై ఒకటి. పెద్దాయన 655 దొరికి పంతొమ్మిదేళ్ళు. 530కి పదమూడు. 412 అమ్మాయికి ఏడేళ్ళే.

పెద్ద అంకెలు పాతవి, పిచ్చుకా. చిన్న అంకెలు కొత్తవి. అమ్మ ఒకటి నుంచి వెయ్యికి రాయలేదు. వెయ్యి నుంచి ఒకటికి రాసింది. నీ మంచం పక్కన గోడ మీద రాసినట్టే.

పెద్దాయన్ని బతిమాలి ఒక్కరోజు ఆ పుస్తకం తెచ్చుకుని ప్రార్థన ఎత్తి రాసుకున్నాను, నకలు నీకూ ఇందులో పెట్టాను. 412 అమ్మాయి ఇంటికి వెళ్ళి చూసి వచ్చాను. 655లో అక్షరాలు నిటారుగా ఉన్నాయి. 412లో వణికాయి.

నీకు చెప్పడానికి ఎందుకు భయపడ్డానంటే, మొక్కు నీ ప్రాణానికి. అది తీరలేదని నీకు ఎలా రాయను? నువ్వు నమ్మవు, నాకు తెలుసు. కానీ నమ్మనివాళ్ళకు కూడా మధ్యాహ్నం ఒంటరిగా ఉన్నప్పుడు ఒక మాట గుచ్చుకుంటుంది. అమ్మ నీకు పెట్టకూడదనుకున్న బరువు నేను పెట్టినట్టవుతుందని ఆగాను. ఇంకో సంగతి కూడా ఉంది. నీ లెక్క వచ్చాక నేను నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవడం అలవాటు చేసుకున్నాను. దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు. అది నా స్వార్థం.

ఎన్ని మిగిలాయో కట్టి పంపు. నేను రాస్తాను. దబ్బనం పట్టీ పట్టీ ఈ వేళ్ళు కలం దగ్గర మొండికేస్తున్నాయి, అయినా రాస్తాను.

అక్క

*

మీటర్ల ఫ్యాక్టరీ క్వార్టర్స్
సెప్టెంబరు 15

అక్కా,

తప్పు నాది. తాడు ఒకటి దగ్గర మొదలైందని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. మీటర్ల నంబర్లు ఒకటి నుంచి పెరుగుతాయి కాబట్టి అమ్మ కూడా అలాగే వేస్తుందనుకున్నా. పంతొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తూ, గోడ మీద తగ్గే అంకెలు చూసి లేచి నడిచినదాన్ని నేనే అయి ఉండి, నాకు తట్టలేదు. నీకు తట్టింది.

ఇప్పుడు తాడు తిరగేశాను. వెయ్యి నుంచి కిందికి వస్తే 412 అనేది ఐదు వందల ఎనభై తొమ్మిదో పుస్తకం. ఐదు ముడులకు సగటు సందు 118. రెండూ కలిపి ఒకటి తీసేస్తే 706. అంటే అమ్మ సుమారు ఏడు వందల ఆరు రాసింది. మిగిలినవి 294. నువ్వు పంపిన ఏళ్ళతో కట్టినా దాదాపు అంతే వస్తోంది.

రెండు రోజులు ఆ 294 వైపు చూస్తూ కూర్చున్నా. మా ఆఫీసుకైతే ఆ అంకె చాలు. ఫైలులో పెట్టి మూసేస్తారు. కానీ నీకు చాలదని తెలుసు. నాకూ చాలదని తెలిసి ఆశ్చర్యపోయా. చివరి ఏళ్ళలో అమ్మ చేయి వణికిందన్నావు. సగటు కంటే తక్కువే రాసి ఉండొచ్చు. మనకు గట్టిగా తెలిసింది ఒక్కటే, 412 రాసింది. 411 రాసిందో లేదో ఏ లెక్కా చెప్పదు.

అందుకే 411 నుంచి మొదలుపెట్టా. లెక్క ప్రకారం 294కు పైనున్న 117 అమ్మ రాసేసినవే అయి ఉండొచ్చు. ఉండనీ. అవి నా తరఫున. ఇన్నేళ్ళు వెక్కిరించినందుకు.

నువ్వు కలం పట్టుకోకు. మొక్కు నా కాళ్ళ కోసం, రాసేది నా చెయ్యి. ఆదివారాలు రెండు రాయగలను. దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. కుట్టడం మాత్రం నాకు రాదు, ఆ గుండీ ముడి నీకే వచ్చు. కాగితాలు మడిచి పంపుతా, నువ్వు కుట్టి అమ్మ పెట్టిన చోట్ల పెట్టు.

ఒక సందేహం. నేను నమ్మను కదా. నమ్మని చేయి రాస్తే చెల్లుతుందా? రాస్తుంటే ఏడో పంక్తి దగ్గర మాత్రం ఆగిపోయా. "పక్కన కూర్చున్నవారికి కూడా నిద్ర ప్రసాదించు" అని ఉంది. అమ్మ నలభై రోజులూ నిద్రపోలేదని నాకు ఇప్పుడే తట్టింది.

ఇంకో సందేహం, అమ్మ 411 రాసే ఉంటే? లోకంలో రెండు నాలుగు వందల పదకొండులు ఉంటాయే!

మొదటిది ఇందులో పెట్టా. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు.

పిచ్చుక

*

బైండింగ్ గది
సెప్టెంబరు 28

పిచ్చుకా,

రెండు ఉంటే కవలలనుకుందాం. దేవుడి దగ్గర తక్కువ పడకూడదు గానీ ఎక్కువైతే ఆయన తిరిగి పంపడు.

చెల్లుతుందా అని అడిగావు. నాకు పెద్ద చదువు లేదు, నాకు తెలిసింది రాస్తాను. మాటలు అమ్మవి. ముడి నాది. అమ్మ ఎవరి కోసం మొక్కుకుందో ఆ మనిషిదే చెయ్యి. ఇందులో చెల్లనిది నాకేమీ కనిపించలేదు.

మీ బావకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన తనే తీసుకుని మళ్ళీ చదువుకున్నారు. తర్వాత, "కుండలో మెతుకులు లెక్కపెట్టింది, ఇక వండుతుందన్నమాట" అన్నారు. అది మెచ్చుకోవడమే, ఏమీ అనుకోకు.

నిన్న పుస్తకం కుట్టి, ఆ పెద్దాయన చెప్పిన ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బయటి రోగుల గది ముందు, నీళ్ళ కుళాయి పక్క బెంచీ. చివర పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను. వెళ్ళిపోవాలి, అమ్మ అలాగే వెళ్ళిపోయేది. నేను అక్కడే ఉండిపోయాను.

ఒకామె పిల్లను ఒళ్ళో వేసుకుని వచ్చి కూర్చుంది. పిల్ల చేతికి సూది పెట్టిన చోట పట్టీ ఉంది. ఆమె పుస్తకం తీసి తిప్పింది, పెదవులు కదిలిస్తూ చదివింది. చివరి పేజీ దగ్గర ఆగి చుట్టూ చూసింది. నేను చూస్తున్నానని కనిపెట్టింది.

"అమ్మా, ఇది మీదా? ఈ అంకె ఏంటి?"

"నాది కాదమ్మా, నీదే. ఇంకా రాయాల్సినవి అన్ని ఉన్నాయని, దాంతో కలిపి."

"అమ్మో, ఇంకా నాలుగు వందలా?"

"ఆ. ఇంకా…" అన్నాను.

అన్నాక నా గొంతు నాకే వినిపించింది. వేలు కూడా ఎత్తి ఉన్నాను. అమ్మ ఎత్తినట్టే.

ఆ రెండు రోజులూ ఆవిడ నోట్లో నీళ్ళు పోస్తూనే ఉన్నాను, పిచ్చుకా. ఆవిడ అడిగింది నీళ్ళు కాదు. నిన్నటిదాకా ఆ మాట తలచుకుంటే అపరాధం చేసినట్టుండేది. నిన్న ఆ బెంచీ దగ్గర మాత్రం, నీ గోడ మీద అంకె చెరిపి కొత్తది రాస్తూ నీతో చెప్పినట్టు వినిపించింది. ఇంకా ఇన్ని, తర్వాత ఇంటికే.

ఆమెను డాక్టరు పిలిచాడు. పుస్తకం రవికలో దోపుకుని లోపలికి వెళ్ళింది. నేను ఇంటికి వచ్చి దారానికి మైనం రాసి, మూడు పోట్లకు సరిపడా తుంచి బల్ల మీద పెట్టుకున్నాను.

410 పంపు.

అక్క